నాలా అవతలి తోట

శ్యామలమ్మ ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసింది. మోకాళ్లు పట్టేసి ఇక నిలబడలేనన్నాక, కాలనీ చివర చెత్త పోసే జాగాను బాగుచేసి ఆకుకూరల మడులు వేసింది. చూస్తుండగానే ఇరవై ఇళ్ల ఆడవాళ్లు చేయి కలిపారు. మూడేళ్లకు, రక్తపరీక్షలు చేసే నర్సు ఆ కాలనీ అంకెలు చూసి నమ్మలేక మళ్లీ పరీక్ష చేసింది. ఏడు శాతం దాటని రక్తం పదికి వచ్చింది.

ఆ మాట పై ఆఫీసర్ల దాకా పోయింది. ఇంకో పది బస్తీల్లో ఇలాంటి తోటలు పెట్టాలన్నారు. మొదట నాలా అవతలి రేకుల ఇళ్లకు. పరకాల దిక్కు పల్లెల నుంచి కూలికి వచ్చినవాళ్లు ఉంటారక్కడ. వాళ్లకు నేర్పే పని శ్యామలమ్మకు అప్పగించారు.

ఇచ్చిన జాగా మూతపడిన అద్దకం షెడ్డు వెనకది. పార జానెడు లోతు దిగేసరికి మట్టి నీలంగా లేచింది. నూలు మధ్య పుట్టి పెరిగిన మనిషికి రంగు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. చిటికెడు నలిపి వాసన చూసి, తోటల పని చూసే ఆఫీసరు భానుచందర్‌ను పిలిచింది.

"సారూ, ఇది రంగునీళ్లు పారబోసిన జాగ. దీంట్ల పండింది తినేటట్టుండదు."

"షెడ్డు బందై పదేండ్లాయె అమ్మా. పైనుంచి రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి పోయిస్త. ఫికర్ చెయ్యకు."

"ఒకపారి పరీక్షకన్న పంపున్లి."

"పంపుదాం. జర ఓపెనింగ్ కానియ్యి, డేటు ఇచ్చిన్లు. ఇది కాదంటే వీళ్లకు ఇంకో జాగ యాడున్నది?"

ఆ చివరి మాటకు తలొగ్గి ఆమె చేతులకంటిన నీలం మట్టిని దులిపేసుకుంది. కారణం ఆ మాట ఒక్కటే కాదు. ఓపెనింగ్ నాడు స్టేజీ మీద తన పేరు పిలుస్తారని అప్పటికే చెప్పారు. పిలిచారు. శాలువా కప్పారు.

ఎర్రమట్టిలో తోటకూర, పాలకూర, గోంగూర ఏపుగా లేచాయి. అందరికంటే ముందు వచ్చేది కట్టమ్మ, ఆమె కూతురు రమ. రమకు ఐదో నెల. రక్తం ఏడు కూడా లేదు. మడి గట్టున కూర్చుని లేత ఆకులు తుంచుతూ నవ్వేది.

"దవాఖాన గోలీలు ఏసుకుంటె కక్కొస్తాంది పెద్దమ్మా. నీ పాలకూరైతె మంచిగ దిగుతాంది."

ఆ మాట విన్న ప్రతిసారీ శ్యామలమ్మ భానుచందర్‌కు ఫోన్ చేసేది. పరీక్ష సంగతి ఏమైందంటే "వస్తది" అనేవాడు. మూడు నెలలు చూసి, ఒక కవర్లో అడుగుమట్టి, ఇంకో కవర్లో ఆకులు తీసుకుని, వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పే విజయశ్రీ దగ్గరికి తానే పోయింది. పద్దెనిమిదో రోజున ఫోన్ వచ్చింది.

"సీసం ఉందమ్మా. వేర్లు ఎర్రమట్టి దాటి కిందికి దిగాయి. ఆకుల్లోకీ వచ్చింది. ఎవరూ తినొద్దు. కడుపుతో ఉన్నవాళ్లు అసలే వద్దు."

శ్యామలమ్మ కుంటుకుంటూనే నాలా దాటింది. కట్టమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. నొప్పులొస్తే పొద్దున్నే దవాఖానకు తీసుకుపోయారని పక్కింటి పూలమ్మ చెప్పింది. ఇంకా ఎనిమిదో నెలే.

మగపిల్లవాడు. ఏడవలేదు.

ఒంట్లో రక్తం లేదు, బీపీ ఉంది, ఏడో నెల దాకా ఇటుకలు మోసింది, బిడ్డ పోవడానికి ఏ కారణమని చెప్పమంటారని డాక్టరమ్మ అంది. కూర వల్లేనని ఎవరూ చెప్పలేరు. కాదనీ చెప్పలేరు.

"మరి నువ్వెందుకు నెత్తినేసుకుంటవ్ అమ్మా?" అన్నాడు పరీక్ష సంగతి విన్న భానుచందర్. "ఇది బయటపడితె మిగతా తోటలు కూడ బంద్ చేస్తరు. వాటితోని బాగుపడేటోళ్ల నోట్ల మన్ను కొడ్తవా?"

అందులో అబద్ధం ఆమెకు కనిపించలేదు. అందుకే ఆ మాట ఆమెను పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ పది రోజులూ నాలా అవతల ఆ కూరే వండుకున్నారు. పదకొండో రోజు పోయి, కట్టమ్మ వాకిట్లో నిలబడి అంతా చెప్పింది.

"నీకెప్పుడెరుక?" అని అడిగింది కట్టమ్మ.

"పార పెట్టిన్నాడే అనుమానమొచ్చింది."

"గప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"మీకు ఇంకో జాగ లేదన్నరు. శాలువ కప్పుతమన్నరు. నోరు మూసుకున్న."

కట్టమ్మ పార తీసుకుని తోటకు నడిచింది. వంగి, ఒక్కో మడినీ వేర్లతో సహా పెకలించసాగింది. శ్యామలమ్మ ఆమె పక్కన కూలబడి తానూ పీకింది. 

పూలమ్మ పరుగెత్తుకొచ్చింది. "మంచిగ పెరిగిన కూరను పీకుతాన్లేంది? సీసమో గీసమో, కంటికి కనవడ్తాందా? రేపు మా పిల్లలకు ఏం పెట్టాలె?" అంటూ కుప్పలోంచి రెండు చేతులా తోటకూర ఎత్తుకుని ఇంటి దారి పట్టింది. శ్యామలమ్మ లేచి ఆమె చెంగు పట్టుకుంది. ఇద్దరూ పెనుగులాడారు. కూరంతా బురదలో పడితే పూలమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది.

శ్యామలమ్మ పరీక్ష కాగితాన్ని ఆఫీసులో ఇచ్చింది. భానుచందర్ అన్నట్టుగా తోటలన్నీ మూసేయడం మాత్రం జరగలేదు. మిగతా తొమ్మిది జాగాల మట్టినీ పరీక్షకు పంపారు. నాలుగు చోట్ల పనికిరాదని వచ్చింది. ఆ నాలుగు బస్తీలనూ జాబితాలోంచి తీసేశారు, వేరే జాగా చూడలేదు. ఆ నాలుగూ కూలీల బస్తీలే.

తన కాలనీలో సగం మడులు నాలా అవతలివాళ్లకు ఇద్దామని శ్యామలమ్మ అడిగితే, ఆడవాళ్లు గొణుక్కుని రెండు మడులు ఇచ్చారు. వారానికోసారి ఆ కూర గంపలో పెట్టుకుని ఆమె నాలా దాటుతుంది. మొదటి వారం కట్టమ్మ బయటకు రాలేదు. రమ వచ్చింది. మనిషి సగమైంది. చేయి చాచలేదు.

"ఇది ఎక్కడిది పెద్దమ్మా?"

"మా మడులది బిడ్డా. మా మట్టి గూడ పరీక్ష చేయించిన. కాయితమున్నది."

"చూపియ్యి."

శ్యామలమ్మ రవికలోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చింది. రమ గడపలోనే నిలబడి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. ఆ తర్వాతే కూరకట్ట అందుకుని లోపలికి పోయింది.