నా పేరుతో నొక్కిన పాస్

వినయ్ కుమార్ నా గొంతు కోశాడు. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు.

మందుల వేళ గుర్తుచేసే యాప్ మాది, జర్మనీ రోగులు వాడతారు. కోడ్ అక్కడివాళ్లు రాస్తారు, తప్పులు పట్టడం మా పని. రేపల్లెలో ఇంటినుంచి నేను, తెనాలి పక్కన అంగలకుదురు నుంచి వినయ్. నేను పరీక్షించి నా పేరుతో 'పాస్' నొక్కితేనే కొత్త యాప్ రోగుల ఫోన్లలోకి వెళ్తుంది. చినుకు పడితే మా వీధిలో నెట్ పోతుంది. అలాంటప్పుడు నేను ఫోన్‌లో చెబితే నా బదులు నొక్కడానికని, బుద్ధి గడ్డి తిని, వాడికి నా పాస్‌వర్డ్ చెప్పాను. పని నేర్పింది నేనే, ఆమాత్రం నమ్మకూడదా?

అక్టోబరు చివరి ఆదివారం జర్మనీలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు కొత్త యాప్‌లో అలారం మోగుతుందో లేదో నేనింకా చూడలేదు. దానికి ముందు శుక్రవారం వాన, నెట్ లేదు. వినయ్‌కి ఫోన్ చేశాను.

"సోమవారం దాకా ఆపు. గడియారం సంగతి చూడకుండా నొక్కొద్దు."

"అలాగే అక్కా, నువ్వు నిశ్చింతగా ఉండు."

జర్మనీవాళ్లు పెట్టిన శుక్రవారం గడువు దాటితే మాట పడాల్సొస్తుందని ఆ సాయంత్రమే నొక్కేశాడు, నా పేరుతో. ఆదివారం అలారం మోగలేదు. ఇన్సులిన్ వేసుకోవాల్సిన ఒక ముసలావిడ స్పృహ తప్పి ఆసుపత్రి పాలైంది.

మంగళవారం మమ్మల్ని బాపట్ల ఆఫీసుకి పిలిచారు. తెర మీద జర్మనీవాళ్లు. మేనేజర్ బసవేశ్వరరావు గారు అడిగారు.

"క్రిస్టినా, ఇది నువ్వు నొక్కిందేనా?"

"కాదండి. వినయ్‌కి పాస్‌వర్డ్ ఇచ్చాను, అది నా తప్పే. ఆపమన్నా వినకుండా నొక్కాడు."

వినయ్ నావైపు జాలిగా చూశాడు. "నాకెప్పుడిచ్చావక్కా? భయంలో ఏంటేంటో అంటున్నావు. పోనీలెండి సార్, పాపం, క్షమించండి."

ఓరి నీ దుంప తెగ! నా తరఫున క్షమాపణ కూడా వాడే అడిగాడు. పాస్‌వర్డ్ ఇచ్చానని నా నోటితోనే ఒప్పుకున్నాను, నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి అదొక్కటే చాలింది. ఇకమీదట ఇద్దరు విడివిడిగా పరీక్షించి, ఎవరి వేలిముద్ర వాళ్లు వేస్తేనే పాస్ అని అక్కడే తీర్మానించారు.

రేపల్లె బస్సులో ఉండగా ఫోన్ మోగింది. వినయ్.

"అక్కా, కోపంగా ఉంటావని తెలుసు. నీ స్థానంలో నన్నేశారు. ఆ గడియారం పరీక్ష ఎలా చెయ్యాలో నాకు రాదు. ఒక్కసారి చెప్పవా?"

నోటిదాకా వచ్చిన బూతు మింగాను. మార్చిలో మళ్లీ గడియారాలు తిప్పుతారు. నేను చెప్పకపోతే ఇంకెవరో మంచాన పడతారు. ఒక్కొక్కటీ రెండేసిసార్లు చెప్పాను. వాడు రాసుకుని, థాంక్స్ చెప్పి పెట్టేశాడు. బస్సులో అందరి ముందూ భోరున ఏడ్చాను.