సుజు కూర్చున్న తీరు

మంచు కురిసే ఒటారు ఊళ్లో, ఏటవాలు వీధి పైకొసన చిసాతోది వేడినీళ్ల స్నానశాల. మొగుడు పోయాక గల్లాపెట్టె దగ్గర ఆవిడ ఒక్కతే. ఒక్కతే అన్నానా? కాదు, పక్కన సుజు. గోధుమరంగు లాబ్రడార్ పిల్ల. చూపులేనివాళ్లకి దారి చూపే కుక్కల బడివాళ్లు పసికూనగా తెచ్చిచ్చారు. ఏడాది పెంచి, కళ్లు తుడుచుకుని తిరిగి అప్పజెప్పాలి. ముందే ఒప్పుకున్న మాటే. ఒప్పుకోవడానికేం, నోటిదేం పోయింది!

సుజు కూర్చునే తీరే వేరు. వెనక కాళ్లు రెండూ ఒక పక్కకి వాల్చి, చాపమీద ఆడపిల్లలా ఒద్దికగా కూర్చునేది. స్నానానికొచ్చిన ఆడవాళ్లు విరగబడి నవ్వేవారు.

"పెళ్లిచూపులకొచ్చినట్టు కూర్చుందే! మా కోడలికి కాస్త నేర్పమ్మా!"

"నేర్పితే వచ్చేది కాదు వదినా, పెంపకంలో ఉండాలి," అని చిసాతో మురిసిపోయేది. అలా కూర్చున్నప్పుడల్లా ఎండుచేప ముక్క పెట్టేది.

ఒళ్లు పట్టే ఇవాకిచి కూడా రోజూ వచ్చేవాడు. ఆయనకి చూపు లేదు. దారి చూపే కుక్క కోసం పేరు రాయించుకుని ఏళ్లుగా ఎదురుచూస్తున్నాడు. కిందటి చలికాలం గడ్డకట్టిన మంచుమీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. చెయ్యే అన్నం పెట్టే మనిషికి చెయ్యి విరిగితే ఇంకేముంది?

"నా వాటాకి నువ్వే రావే తల్లీ," అని సుజు తల నిమిరేవాడు.

అప్పజెప్పే రోజు పొద్దున చిసాతో కొండమీద గుడికెళ్లింది. నాణెం వేసి, అక్కడి ఆచారం ప్రకారం రెండు చప్పట్లు కొట్టి, అడగకూడనిది అడిగింది. "దీన్ని ఆ బడి పరీక్షలో తప్పేలా చెయ్యి స్వామీ. తప్పిన కుక్కని పెంచినవాళ్లకే ఇస్తారట. నా సుజు నాకొచ్చెయ్యాలి."

మంచు కరగకముందే సుజు వచ్చేసింది.

"ఎక్స్‌రేలో తేలిందమ్మా," అంది తీసుకొచ్చిన శిక్షకురాలు నత్సుహో. "తుంటి గిన్నెకి లోతు లేదు, ఎముక అందులో నిలవట్లేదు. అరుగుదల కూడా మొదలైంది. ఇక పనికి పంపలేం."

"నా పెంపకంలో ఏమైనా..."

"అయ్యో, పుట్టుకతో వచ్చేదమ్మా! పెద్ద కుక్కల్లో ఇది ఇంటింటి జబ్బే. దీని అన్నకీ ఉంది. అవునూ, కాళ్లు ఒక పక్కకి వాల్చి కూర్చునేదా?"

చిసాతో తలూపింది.

"అందరూ ముద్దొస్తోందని ఫోటోలు తీస్తారు. కాళ్లు ముడవలేక కూర్చునే తీరది. మాకు చెప్పుంటే మెట్లన్నా మాన్పించేవాళ్లం."

మెట్లు! ఆ గుడి మెట్లన్నీ రోజూ ఎక్కించింది, చలాకీగా పెరుగుతుందని. బాధకి ఎండుచేప బహుమానం ఇచ్చింది, మహాతల్లి! తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

సాయంత్రం ఇవాకిచి వచ్చాడు. నేలమీద తోక కొట్టుకుంటున్న చప్పుడు విని ఆయన మొహం వెలిగింది, అంతలోనే వాడిపోయింది.

"వచ్చేశావా? అయితే తప్పావా తల్లీ?"

చిసాతో ఇక దాచలేకపోయింది. "నేనే అడిగా అన్నయ్యా. కొండమీద గుడిలో. తప్పాలని."

ఇవాకిచి సుజు వీపు నిమిరాడు.

"ఆ గుడిలోనేనా? నేనూ అక్కడే మొక్కా చెల్లెమ్మా. మెట్లు తడుముకుంటూ ఎక్కి మరీ. ఇది గట్టెక్కాలని." ఆయన చిన్నగా నవ్వాడు. "నీ దణ్ణమే గట్టిదిలే."

అంతకంటే తిట్టినా బాగుండేది. చిసాతో తన పొడుగు అంగీ చేతి అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

స్నానం చేసి ఇవాకిచి బయల్దేరాడు. గడ్డకట్టిన వాలులో ఆయన కర్ర టక్కుటక్కుమంటూ కిందికి దిగుతోంది. వెంట వెళదామని సుజు లేవబోయింది. వెనక కాళ్లు చెక్క నేలమీద జారాయి. మళ్లీ లేవబోయింది, మళ్లీ జారాయి. చివరికి రెండు కాళ్లూ ఒక పక్కకి వాల్చి కూర్చుని, ఎండుచేప కోసం చిసాతో మొహంలోకి చూసింది.