రేడియో ఆపని కోడలు

ఆదివారం పొద్దున మూడోసారి టీకి నీళ్ళు పెడుతున్నాను. ముందు గదిలో మా ఆయన శశి, ఆయన జతగాళ్ళు చిన్నవెంకటప్ప మామ, శ్రీరామప్ప, ముగ్గురూ పాత రేడియో చుట్టూ కూర్చుని ఉన్నారు. ముగ్గురూ ఛాంపియన్ రీఫ్ గనిలో పని చేసినవాళ్ళే. గని మూసేసి ఎనిమిదేళ్ళయింది. మళ్ళీ తెరుస్తారని మా ఆయన ఎనిమిదేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు, అందుకే వేరే పనేదీ ఒంటికి పట్టలేదు. ఆదివారమైతే చాలు, రేడియో మూత తీసి దుమ్ము తుడుస్తాడు. ఇంట్లో ఆయన తుడిచే వస్తువు అదొక్కటే.

"కడప స్టేషన్ అంటే కడప స్టేషనేనప్పా. ఇప్పుడుండేవి కూడా స్టేషన్లేనా? లొడలొడా వాగేదే గానీ ఒక మర్యాద ఉండాదా, ఒక పద్ధతి ఉండాదా?" అంటున్నాడు శ్రీరామప్ప.

"మద్రాసు తక్కువనా? సాయంత్రం గాలి అనుకూలమైతే సిలోన్ కూడా పక్కింట్లో మాట్లాడినట్ల వస్తా ఉండె. ఈ గని ఇళ్ళ లైను ఆ కొస నుంచి ఈ కొసకు నడిస్తే పాటలో ఒక్క మాట తప్పిపోయేది కాదు. అన్నిళ్ళలో అదే పాట" అన్నాడు మా ఆయన. ఆ వెంటనే గొంతు పెంచి, "ఏమే, టీ ఏమాయె? రేడియో వేడెక్కింది గానీ నీ పొయ్యి ఇంగా వేడెక్కలేదా?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

నవ్వండి నాయనా, నవ్వండి. మీరు ఆ కొస నుంచి ఈ కొసకు పాట వింటూ నడిచారు. నేను నడిచిందల్లా కొళాయి దాకా, చంకలో బిందెతో. పాట మొదలైతే ఎసరు పెట్టాలి, వార్తలు మొదలైతే మా ఆయన నాయనకు క్యారియర్ కట్టాలి, రైతుల కార్యక్రమం మొదలైతే మా ఆయన షిఫ్ట్ నుంచి వచ్చేలోగా నీళ్ళు కాగాలి. ఈ ఇంట్లో నాకు రేడియో అంటే తరిమే గడియారం. అదీ మూడు నెలలే. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళుగా దాని మీద చెయ్యి వేయలేదు. వేయనివ్వలేదు అనడం సరిగ్గా ఉంటుంది.

టీ ఇచ్చి వచ్చి వెనక గదిలోకి తొంగి చూశాను. మంచం మీద మా అత్త తాయమ్మ కళ్ళు మూసుకుని ఉంది. పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు. రోజూ తెల్లవారకముందే లేచి ఆమె గుడ్డలు మార్చి, ఒళ్ళు తుడిచి, రాగిముద్ద కెలికి పెట్టి, అరమైలు పరిగెత్తి బెంగళూరు రైలెక్కుతాను. రెండున్నర గంటలు నిలబడి పోతాను, పొద్దుగూకేదాకా కుట్టుమిషన్ ముందు చొక్కాలకు కాలర్లు కుడతాను, మళ్ళీ రెండున్నర గంటలు నిలబడి వస్తాను. పెళ్ళై వేమగల్‌లో ఉండే మా సహన, "అమ్మా, నీ కాళ్ళ మీద నరాలు చూస్తే భయమయితాది" అంది మొన్న వచ్చినప్పుడు. కూతురికైనా కనిపించాయి.

మొన్న గురువారం మాలూరు దాటాక రైలు తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నిద్ర కాదు. నిద్ర అని అందరికీ చెప్పాను గానీ నిద్ర కాదు. కమ్మీ పట్టుకున్న చెయ్యి వదిలేస్తే రేపు పొద్దున లేవనక్కరలేదు కదా అనిపించింది. అంతే, వదిలేశాను. వెనకనే ఉన్న మా ఫ్యాక్టరీ సొన్నమ్మ జడ పట్టుకుని లోపలికి లాగింది. "ఏమే సవితా, సచ్చేదానికి పాసు తీసినావా?" అని రెండు వేసింది నా వీపు మీద, తర్వాత తానే ఏడ్చింది. ఆ పొద్దే మా సూపర్‌వైజర్ మధుర మేడంతో మాట్లాడింది. ఫ్యాక్టరీ వెనక హాస్టల్లో ఒక మంచం ఖాళీ అయింది. వారమంతా అక్కడ ఉండి, శనివారం ఇంటికి రావచ్చు. సోమవారం లోపల చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ మంచం దొరకకపోతే ఇంకో గురువారం సొన్నమ్మ నా వెనక ఉంటుందో లేదో నాకు తెలియదు.

శుక్రవారం మా ఆయనకు చెప్పాను. రైలు తలుపు సంగతి కాదు, మంచం సంగతి. ఆయన నా ముఖం కూడా చూడలేదు. "బర్స్ట్ అయిన పొద్దు రేడియో ఆపనిదానివి నువ్వు. మా నాయన ఉసురు పోసుకున్నావు. ఇంగ మా అమ్మను కూడా దిక్కులేకుండా చేసి పోతావా?" అన్నాడు. వెనక గదిలో మా అత్త వింటూనే ఉంది, ఎప్పటిలాగే ఏమీ అనలేదు. ఆ మాట వచ్చిందంటే నా నోరు పడిపోతుంది. ఇరవై నాలుగేళ్ళుగా అంతే.

బర్స్ట్ అంటే గని లోపల రాయి పగలడం. మైలున్నర లోతులో పగిలితే పైన మా లైను ఇళ్ళల్లో గూట్లో గిన్నెలు దొర్లేవి. ఇల్లు అదిరిన వెంటనే ఆడవాళ్ళు మొదట చేసే పని రేడియో ఆపడం. సైరన్ వినపడాలని ఒకటి. ఎవరి మొగుడు పోయాడో తెలియనప్పుడు ఏ ఇంట్లోనూ పాట పాడకూడదని ఇంకొకటి. ఒకరు ఆపితే పక్కవాళ్ళు, వాళ్ళ పక్కవాళ్ళు, క్షణంలో లైనంతా మూగబోయేది. ఎవరూ నేర్పక్కరలేదు. నేను సుగటూరు పిల్లను, రాగిచేలల్లో పెరిగినదాన్ని, అయినా వచ్చిన వారంలో నేర్చుకున్నాను.

పెళ్ళయ్యేనాటికి పదో తరగతి పరీక్షకు రెండు నెలలుంది. రాయనివ్వలేదు. ఇక్కడికొచ్చాక మగవాళ్ళంతా పాటల కోసం స్టేషన్‌కి కార్డులు రాసేవారు. శశి, వాళ్ళ నాయన వెంకటరమణప్ప, శ్రీరామప్ప అని లైనులో అందరి పేర్లూ రాసేవారు. నా పేరు కూడా రాయమంటే మా అత్త, "ఆడోళ్ళ పేర్లు గాల్లోకి పంపిస్తారా యాడన్నా?" అంది. అందుకని నేను దొంగతనంగా ఒక కార్డు రాశాను, మధ్యాహ్నం వచ్చే ఆడవాళ్ళ కార్యక్రమానికి. పెళ్ళయినవాళ్ళు ఇంట్లో చదువుకుని ప్రైవేటుగా పరీక్ష రాయొచ్చా, ఎవరిని అడగాలి, అని.

ఆ రోజు అత్త కొళాయి దగ్గరుంది. రేడియోలో ఒకామె, "ఛాంపియన్ రీఫ్ నుంచి సవిత గారు రాశారు" అంది. గారు! పుట్టాక నన్ను గారు అన్నది ఆమె ఒక్కతే. సరిగ్గా అప్పుడే ఇల్లు అదిరింది. చెంబు కింద పడింది. లైనంతా రేడియోలు ఆగిపోయాయి. నాకు తెలుసు, ఆపాలని తెలుసు. చెయ్యి మీట దాకా పోయింది కూడా. ఒక్క నిమిషం, ఆమె జవాబు చెప్పేదాకా ఒక్క నిమిషం అనుకున్నాను. అత్త పరిగెత్తుకొచ్చి చెంప పగలగొట్టి తానే ఆపింది. జవాబు నేను వినలేదు. సాయంత్రానికి మా మామ వెంకటరమణప్ప శవం పైకొచ్చింది.

ఊపిరితిత్తులు చెడి ఆయనకు పైన తేలిక పని ఇచ్చి ఏడాదయింది. మరి లోపలికి ఎందుకు దిగాడంటే, పనివాళ్ళు తక్కువైతే మేస్త్రీ పిలిచాడన్నారు. మా ఆయన లోపలే ఇంకో లోతులో ఉండి బతికాడన్నారు. కొత్త కోడలిని, నన్ను కూర్చోబెట్టి చెప్పేదెవరు? లైనులో మాత్రం నా పేరు రేడియో ఆపని కోడలు. చావుకీ రేడియోకీ ఏం సంబంధం అని నా బుద్ధి ఎన్నిసార్లో అడిగింది. బుద్ధి అడిగేది, ఒళ్ళు మాత్రం తలవంచుకుని చాకిరీ చేసేది. ఎంత చేసినా ఆ ఒక్క నిమిషం తీరలేదు.

ముందు గదిలో గొంతులు పెరిగాయి. మాట కామెంటరీల మీదికి పోయింది. చిన్నవెంకటప్ప మామకు డెబ్బై దగ్గర పడుతున్నాయి, హుషారొస్తే ఆపలేం.

"పాటలు పక్కన పెట్టప్పా. క్రికెట్ కామెంటరీ! ఆహా, బాలు మన కాళ్ళ కాడికే వచ్చినట్ల చెప్తా ఉండిరి. శశీ, జ్ఞాపకముండాదా? గని షాఫ్ట్ గేటు కాడ టీ అంగడిలో నువ్వూ నేనూ వింటా ఉంటిమి. చివరి వికెట్టు. అప్పుడే భూమి అదిరె. గ్లాసు నా చేతిలోంచి జారి నీ కాళ్ళ మీద పడె. పాపం, మీ నాయన పోయిన పొద్దు..."

నేను ఖాళీ గ్లాసులు ఎత్తుకోవడానికి వంగి ఉన్నాను. వంగినట్లే అడిగాను. "మామా, ఈయన ఆ పొద్దు లోపల కదా ఉండింది?"

"ముసలాయనకు మతి తప్పింది. నువ్వు పోయి పని చూసుకో పో" అన్నాడు మా ఆయన.

మామకు రోషమొచ్చింది. "నాకేం మతి తప్పిందిరా? షిఫ్ట్ నీదే. కామెంటరీ వినాల్ల అని నువ్వు ఏడిస్తే, 'పోరా, ఈ ఒక్క పొద్దు నీ పని నేను చేస్తా' అని మీ నాయన నీ టోపీ లైటు ఎత్తుకొని గనిలోకి దించే కేజ్‌లోకి ఎక్కలేదా? మేస్త్రీ మనోడే గదా, ఊరుకున్నాడు. నేను పక్కనే ఉంటిని. అమ్మా సవితా, నీకు చెప్పలేదా వీడు?"

శ్రీరామప్ప చెప్పులు వెతుక్కున్నాడు. మా ఆయన రేడియో ముల్లు అటూ ఇటూ తిప్పుతున్నాడు, ఏ స్టేషనూ తగలడం లేదు. నాకు కోపం రావాలి కదా? రాలేదు. గ్లాసులు కింద పెట్టి వెనక గదిలోకి పోయాను.

అత్త గోడవైపు తిరిగి ఉంది. ఆమె తనంతట తాను తిరగగలిగేది తలొక్కటే.

"నీకు తెలుసా అత్తా?"

గోడవైపు చూస్తూనే అంది, మాట ముద్దగా. "ఒక్కడే కొడుకు కదమ్మా. తప్పు వాడిమీద పడింటే వాడు ఉరేసుకొని సచ్చిండేవాడు. నువ్వయితే తట్టుకుంటావు అనుకున్నా."

ఇన్నేళ్ళకు నన్ను మెచ్చుకుంది మా అత్త. ఆమె నెత్తిమీద జుట్టు చెదిరి ఉంటే అలవాటు కొద్దీ సర్దాను. సర్దుతూనే చెప్పాను.

"తట్టుకోలేను అత్తా."

ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. చెప్పాక ఏడుపొచ్చింది, గట్టిగానే ఏడ్చాను, ముందు గదిలో వినపడితే వినపడనీ అనుకున్నాను. ముఖం కడుక్కుని మధుర మేడంకి ఫోన్ చేసి, మంచం నాకే కావాలని, ఈ పొద్దే వస్తానని చెప్పాను. రెండు చీరలు, దువ్వెన, కాళ్ళ నొప్పుల తైలం, ఒక దుప్పటి. సంచి సగం కూడా నిండలేదు.

మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. జతగాళ్ళు పోయారు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గొంతు తగ్గించి, "ఏమే... మధ్యాహ్నం అమ్మకు గుడ్డలు మార్చాల్ల కదా?" అన్నాడు.

"ఆ, మార్చాల్ల. ఉతికినవి గూట్లో ఉండాయి" అన్నాను చెప్పులు వేసుకుంటూ. "కుడిపక్కకు పొర్లించు. ఎడమపక్క పుండుండాది."