తలుపు స్వింగ్

పళ్ళ డాక్టరు కావడం వల్ల ఎదుటివాళ్ళ నోరు తెరిపించడమే తప్ప, తాను నోరు తెరిచి నాకిది కావాలని అడిగే అలవాటు డాక్టరమ్మకి పెద్దగా లేదు. అందుకే ఆ శనివారం మధ్యాహ్నం క్లినిక్ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా బాల్కనీలోని బీరువా తెరిచి, "నా గోల్ఫ్ బ్యాగ్ ఏదీ?" అని ఆవిడ అడిగిన తీరుకి, భోజనం చేస్తున్న ఇంజనీరు గారి ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఇంజనీరు గారంటే ఆవిడ భర్త. ఉద్యోగమంతా వంతెనలు కట్టి రిటైరయ్యారు. ఇప్పుడు కట్టడానికి వంతెనలు లేవు కనుక కనిపించిన వాళ్ళందరికీ సలహాలిస్తుంటారు.

"మరదలికిచ్చాను. ఊరికే పడుంది కదా అని" అన్నారాయన.

"ఊరికే పడుందని ఎవరన్నారు?"

"ఒకరనాలా? ఏడాదైంది నువ్వు ముట్టుకుని."

ఏడాది కిందట డాక్టరమ్మ క్లినిక్ మెట్ల మీద జారి పడ్డారు. ఎడమ భుజం విరిగింది. ప్లేటు పెట్టి మరలు బిగించారు. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి మాత్రం భుజం ఎత్తు దాటి పైకి లేవడం మానేసింది. పళ్ళు పీకడానికి అంత ఎత్తక్కర్లేదు. అందుకని పని మామూలుగానే సాగుతోంది. చిక్కల్లా గోల్ఫ్ దగ్గరే వచ్చింది. ఒకప్పుడు ఆవిడ స్వింగ్ చూడ్డానికి క్లబ్బులో జనం కాఫీ కప్పులతో బయటికొచ్చి నిలబడేవాళ్ళు. కర్ర మెల్లగా తల వెనక్కి వెళ్ళి, అక్కడ ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగి, అప్పుడు దిగేది.

"ఎముకల డాక్టరే వద్దన్నాడుగా" అన్నారు ఇంజనీరు గారు.

"ఆయన జాగ్రత్తగా ఆడమన్నాడు. వద్దన్నది మీరు."

"ఆ చేత్తో ఇంకేం ఆడతావు చెప్పు? హాయిగా నీడలో కూర్చో. మేం ఆడుతుంటే చూడు."

"మేం అంటే?"

ఇంజనీరు గారు అప్పటిదాకా ఆపిన ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. క్లబ్బులో ఏటా జోడీల పందెం జరుగుతుంది. పెళ్ళయిన నాటి నుంచి కాకపోయినా, ఆట నేర్చిన నాటి నుంచి ఆ మొగుడూ పెళ్ళాలే ఒక జోడీ. ఈసారి ఆయన తన పక్కన ఆ మరదలి పేరు, అంటే తమ్ముడి భార్య పేరు రాయించేశారు.

"నీకు బాధ కలుగుతుందని చెప్పలేదు" అన్నారు చివరికి.

డాక్టరమ్మ విప్పని చెప్పులతోనే మెట్లు దిగి, రెండు వీధుల అవతలున్న తోటికోడలి ఇంటికి నడిచారు. బ్యాగ్ ఆ ఇంటి హాల్లో సోఫా పక్కనే ఉంది. కర్రల పిడులకి కొత్త రబ్బరు తొడుగులు వేయించారు. గులాబి రంగువి.

"బావగారే ఇచ్చారక్కా. నువ్వింక ఆడవన్నారు" అంది తోటికోడలు, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. "నిన్నడిగే తెచ్చారనుకున్నా."

"నీ తప్పేం లేదులే."

"ఆ రంగు తీయించి పాతవే వేయించమంటావా?"

డాక్టరమ్మ ఒక కర్ర తీసి పట్టుకుని చూశారు. "రంగు బాలేదు. పట్టు బావుంది. ఉండనీ" అని, బ్యాగ్ అలవాటుగా ఎడమ భుజానికి తగిలించుకోబోయి, పళ్ళు బిగబట్టి కుడి భుజానికి మార్చుకుని వచ్చేశారు.

మర్నాడు పొద్దున్నే క్లబ్బులో బంతులు కొట్టి సాధన చేసుకునే ప్రాక్టీసు రేంజికి వెళ్ళారు. బుట్టెడు బంతులు ముందేసుకుని, పాత స్వింగే మొదలుపెట్టారు. కర్ర వెనక్కి వెళ్తూ వెళ్తూ సగంలో ఆగింది. మిగతా సగం కోసం ఆవిడ ఒళ్ళు వంచారు, మడమ లేపారు, ఊపిరి బిగపట్టారు. కర్ర కదిలింది గానీ దారి తప్పి నేలని తవ్వింది. బంతి గడ్డిలో నాలుగు గంతులేసి ఆగింది. రెండో బంతీ అంతే. పక్కన ఆడుతున్న వాళ్ళు చూసీ చూడనట్టు తలలు తిప్పుకున్నారు. వెక్కిరించినా బావుండేదనిపించింది డాక్టరమ్మకి. వెక్కిరిస్తే తిరిగి ఒక మాటనొచ్చు. జాలి పడేవాళ్ళని ఏమనగలం?

బుట్ట సగం ఖాళీ అయ్యేసరికి వెనక నుంచి ఎవరో అన్నారు. "డాక్టర్ గారూ, మీరు వెతుకుతున్నది ఇక్కడ లేదండీ."

అన్నది క్లబ్బు కోచ్. ముప్పై అయిదేళ్ళుంటాయి. పెద్ద పోటీల్లో ఆడి, మోకాలు పోయి, నేర్పడంలోకి దిగిన మనిషి. ఉన్నదున్నట్టు అనేస్తుందని పేరు.

"ఏమిటి లేనిది?"

"మీ పాత స్వింగ్. అది పోయింది. ఇంకో పది బుట్టలు కొట్టినా రాదు."

"రాకపోతే మానేయమంటావా?"

"మానేయమనలేదే. కొత్తది నేర్చుకోవాలంటున్నాను. పొట్టిగా ఉంటుంది. చూడ్డానికి బావుండదు. చంటిపిల్ల నడక నేర్చినట్టు మొదట్నుంచీ మొదలెట్టాలి. ఇష్టమైతే రండి."

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. ఇరవయ్యేళ్ళ ఆట. చంటిపిల్లట. బంతులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశారు.

ఆ వారంలోనే క్లినిక్‌కి ఓ పెద్దాయన వచ్చాడు. పీకేసిన తన పన్నే మళ్ళీ అతికించమని పేచీ. చేతిరుమాల్లో మూటగట్టి తెచ్చాడు కూడా. "ఇది మా నాన్న పోలిక పన్నమ్మా, కొత్తది నాకొద్దు" అన్నాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పారు డాక్టరమ్మ. "ఊడింది అతకదండీ. కొత్తది పెడతాను. కొన్నాళ్ళు కొరుకుడు పడదు. నమలడం మళ్ళీ నేర్చుకోవాలి. నేర్చుకుంటే మాత్రం చెరుకు ముక్కైనా నమలొచ్చు." అన్నాక ఆవిడే కాస్సేపు అద్దం పట్టుకుని అలా నిలబడిపోయారు. పెద్దాయన నోరు తెరిచే ఉంచాడు పాపం.

మర్నాడు కోచ్ ముందు నిలబడి, "నేర్పు" అన్నారు.

కోచ్ మొదట కర్రే ఇవ్వలేదు. ఒక తువ్వాలు తెచ్చి రెండు చంకల కింద నుంచి గుండెకి అడ్డంగా పెట్టి, అది జారి పడకుండా ఒళ్ళు తిప్పమంది. "మీరింతకాలం చేతులతో కొట్టారు. ఇక నుంచి నడుము కొట్టాలి. చేతులు దాని వెంట పోవాలి, అంతే."

తువ్వాలు పడిపోయేది. తీసి మళ్ళీ పెట్టుకునేవారు. మళ్ళీ పడేది. క్లినిక్‌లో ఒక పేషెంటుకీ ఇంకో పేషెంటుకీ మధ్య తలుపు వేసుకుని అదే పని. ఓ రోజు నర్సు లోపలికొచ్చి, చంకల్లో తువ్వాలుతో గిరగిరా తిరుగుతున్న డాక్టరమ్మని చూసి, మెల్లగా తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

తువ్వాలు నిలిచాక కర్ర చేతికొచ్చింది. కర్ర నడుము దాటి పైకి వెళ్ళకూడదు. బంతి పది బారలు పోతే చాలు. ఇక్కడ ఇంకో తంటా వచ్చింది. బుర్రకి తెలిసింది ఒళ్ళు వినదు. కాస్త ఏమరితే చాలు, చేతులు పాత దారిలో పైకి ఉరికేవి. భుజంలో సూది దిగినట్టయ్యేది. కొత్తది రాలేదు, పాతది పోలేదు. ఒక సాయంత్రం వేడినీళ్ళ సంచీ భుజాన పెట్టుకుని కూర్చుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంజనీరు గారు చూశారు.

"నే చెప్తూనే ఉన్నాను. ఒకవేళ ఆడినా, కర్ర అలా నడుము దగ్గర ఆపేస్తే ఎలా? పైకెత్తాలి" అని, చేతిలో ఉన్న గరిటె ఎత్తి చూపించబోయారు.

"మీరు కట్టింది వంతెనలండీ. భుజాలు కాదు" అన్నారు డాక్టరమ్మ. "ఆ గరిటె కూర గిన్నెలో పెట్టండి."

క్లబ్బులో కొత్త స్వింగ్‌కి పేరు పెట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నడుము మీద ఒళ్ళంతా ఒక్కసారిగా తిరిగి మూసుకుంటుంది కనుక 'తలుపు స్వింగ్' అన్నారు. ఆ పేరు పెట్టింది ఓ కాంట్రాక్టరు, ఇంజనీరు గారి స్నేహితుడు. ఒక పొద్దున రేంజిలో నలుగురు వినేలా, "డాక్టరమ్మగారు తలుపేస్తున్నారోయ్" అన్నాడు.

"అవునండీ. బయట గాలి ఎక్కువైంది" అన్నారావిడ, తలెత్తకుండానే.

ఆ రోజే జరిగింది. అంత మాట అన్న ఊపులోనో ఏమో, చేతుల సంగతి మర్చిపోయారు. నడుము తిరిగింది, ఒళ్ళు మూసుకుంది, 'టక్' మని పొడిగా ఓ చప్పుడైంది. చేతికేమీ తగిలినట్టే లేదు. బంతి మాత్రం తాడు పట్టి లాగినట్టు సూటిగా, తక్కువ ఎత్తులో పోయి, ఎక్కడో దూరాన పడి ఇంకా దొర్లింది. డాక్టరమ్మ కోచ్ వంక చూశారు. కోచ్ ఇంకో బంతి పెట్టింది. "అది గాలివాటుది. ఇంకోటి కొట్టండి."

ఇంకోటి కొట్టారు. అది గాలివాటుది కాదని తేలడానికి ఆ ఉదయమంతా పట్టింది.

పందెం దగ్గర పడ్డాక క్లబ్బు సెక్రటరీ ఫోన్ చేశాడు. "ఈసారి బహుమతులు మీ చేతుల మీదుగా ఇప్పిద్దామని కమిటీ అనుకుంటోందండీ. మీరంటే అందరికీ గౌరవం."

"నా చేతులు ఖాళీగా లేవండీ. ఆడుతున్నాను."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "ఇంజనీరు గారు వేరే పేరు ఇచ్చారే. మరి మీ జోడీ?"

డాక్టరమ్మకి ఆ ఆలోచనే రాలేదు. ఫోన్ చెవి దగ్గరుంచుకుని తడుముకుంటుంటే, సోఫాలో పేపరు చదువుతున్న పెద్దావిడ కళ్ళజోడు దించింది. ఇంజనీరు గారి అక్క. బడికి హెడ్మిస్ట్రెస్సుగా చేసి, రిటైరయ్యాక నడకకి నడకా అవుతుందని గోల్ఫ్ మొదలెట్టిన మనిషి. ఆవిడ కొట్టిన బంతి మోకాలి ఎత్తు లేవదు గానీ, బంతి పడాల్సిన గుంట, అదే హోల్ దగ్గరికొచ్చాక ఆవిడంత గురిగా నెట్టేవాళ్ళు క్లబ్బులో లేరు.

"నా పేరు చెప్పు" అంది.

"వదినా, నలుగురిలో నవ్వులపాలవుతామేమో."

"బడిలో ముప్పయ్యేళ్ళు పిల్లలు నా వెనకాల నవ్వారు. నేనేమైనా అరిగిపోయానా? చెప్పు."

పందెంలో జోడీలో ఇద్దరూ కొట్టాలి. రెండు బంతుల్లో ఏది మెరుగ్గా పడితే అక్కడి నుంచి మళ్ళీ ఇద్దరూ కొట్టాలి. తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్ళదే గెలుపు. చీట్లు తీస్తే ఇంటివాళ్ళంతా ఒకే గుంపులో పడ్డారు. ఓ పక్క డాక్టరమ్మ, వదిన. రెండో పక్క ఇంజనీరు గారు, మరదలు.

మొదట కొన్ని హోళ్ళు డాక్టరమ్మ తువ్వాలు ఇంకా ఉన్నట్టే చంకలు బిగించి ఆడారు. తలుపు తలుపులాగే మూసుకుంది. బంతి దూరం తక్కువే పోయినా సూటిగా పోయింది. హోల్ దగ్గర వదిన పని పట్టింది. రెండు జోడీలకీ తేడా ఒకటో రెండో దెబ్బలు, అంతే.

చెరువున్న హోల్ దగ్గరికొచ్చారు. చెరువు దాటించి కొడితే గుంట ఎదురుగా ఉంటుంది. భయమున్న వాళ్ళు పక్కనున్న గడ్డి మీదుగా చుట్టు తిరిగి పోవచ్చు, ఒక దెబ్బ ఎక్కువ పడుతుంది. మరదలు బుద్ధిగా పక్కకి కొట్టింది. వదినా పక్కకే కొట్టింది గానీ బంతి ఆమె మాట వినక దొర్లుకుంటూ పోయి నీళ్ళలో పడింది.

"దాహమేసినట్టుంది" అంది వదిన.

ఇప్పుడు ఆ జోడీకి మిగిలింది డాక్టరమ్మ బంతి ఒక్కటే. ఆవిడ చెరువు వైపు తిరిగి నిలబడ్డారు.

"ఏమిటది?" అన్నారు ఇంజనీరు గారు. "పక్కకి కొట్టు. ఆ సగం స్వింగ్‌తో దాటదు. అక్కా, నువ్వైనా చెప్పు."

"ఒరేయ్, నువ్వు ఎదుటి జోడీవి. నోర్మూసుకో" అంది వదిన.

డాక్టరమ్మ కర్ర ఆనించి భర్త వంక చూశారు. "పడితే నీళ్ళలో నా బంతే పడుతుంది. మీది కాదుగా."

తిరిగారు. మూశారు. బంతి నీళ్ళకి ఎంతో ఎత్తులో లేదు. అవతలి గట్టు అంచుకి తగిలి, వెనక్కి జారబోయి, గడ్డిలో చిక్కుకుని ఆగింది. దాటిందంటే దాటింది. వదిన చప్పట్లు కొట్టింది. మరదలు కూడా కొట్టబోయి, బావగారి ముఖం చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఇంజనీరు గారు అప్పటిదాకా పక్కకే కొట్టాలనుకున్నారు. కానీ పెళ్ళాం దాటించాక తాను చుట్టు తిరిగి పోతే బావుంటుందా? బ్యాగులోంచి అన్నిటికన్నా పొడుగు కర్ర తీశారు. తల వెనక దాకా ఎత్తి బలమంతా పెట్టి కొట్టారు. బంతి చెరువు సరిగ్గా నడిమధ్యలో పడింది. మరదలి బంతి క్షేమంగా ఉంది కనుక పరువు దక్కింది.

అయినా చివరికి పైచేయి వాళ్ళదే అయింది. ఆఖరి హోల్‌లో డాక్టరమ్మకి ముంజేయి తిరిగిపోయి బంతి ఇసుకలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో ఇంజనీరు గారి జోడీకి మూడో బహుమతి వచ్చింది. డాక్టరమ్మకీ వదినకీ ఏమీ రాలేదు. తోటికోడలు వచ్చి, "అక్కా, మా కప్పు కన్నా నీ చెరువే గొప్ప" అంది. ఎప్పుడూ లేనిది డాక్టరమ్మ ఆ పిల్లని దగ్గరికి తీసుకున్నారు.

సాయంత్రం కారు దగ్గర కప్పు వెనక సీట్లో పెడుతూ ఇంజనీరు గారు, "అంత చిన్న ఊపుకి అంత దూరం ఎలా పోయింది?" అన్నారు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

"నడుము కొట్టింది."

"ఊఁ." ఆయన కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చారు. "బ్యాగ్ నిన్నడిగి ఇవ్వాల్సింది."

"అవును."

"వచ్చే ఏడు మనిద్దరం ఆడదాం. ఎప్పట్లాగే."

"వచ్చే ఏడు వదినకి మాటిచ్చాను" అన్నారు డాక్టరమ్మ. కోపంగా కాదు. పేషెంటుకి తర్వాతి తేదీ చెప్పినంత మామూలుగా. "మీకు కావాలంటే కోచ్‌ని అడగండి, మీకూ నేర్పుతుంది. మొదట తువ్వాలిస్తుంది. సిగ్గుపడకూడదు."

ఆయన నవ్వాలో వద్దో తేల్చుకునేలోగా ఆవిడ కారు డిక్కీలోంచి ఒక కర్ర తీసుకున్నారు.

"ఇప్పుడెక్కడికి?"

"రేంజికి. ఆఖరి హోల్‌లో ముంజేయి ఎందుకు తిరిగిందో చూడాలి."

"ఇవాళ కూడానా?"

"ఇవాళైతేనే తప్పు గుర్తుంటుంది. మీరు వదినని దింపేసి రండి" అని, డాక్టరమ్మ ఇంకా వెలుతురుండగానే రేంజి వైపు గబగబా నడిచారు.