వేడి టైరులోంచి తీసిన గాలి

ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించాలి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

చలికాలం నీళ్లు గడ్డకట్టే కొండ ఊళ్లో మాది టైర్ల షాపు. నా భర్తా నేనూ కలిసి ముప్పై ఏళ్లు నడిపాం. అక్షరం ముక్క రాకపోయినా నాకు అంకెలు వచ్చు. అందుకని గాలి మీటరు ఆయన నా చేతికే ఇచ్చారు. ఆయన పోయాక షాపు మరిది చేతికి వెళ్లింది. గాలి పని మాత్రం నా దగ్గర ఉండిపోయింది. నాది అని చెప్పుకోవడానికి అదొక్కటే మిగిలింది.

పళ్ల డాక్టరు ఒకాయన మా దగ్గరికి స్పోర్ట్స్ కారు తెచ్చేవాడు. నేలకు అతుక్కుపోయినట్టుండే ఆ కారును నా భర్త కప్ప అనేవారు. "దీని కింద దూరాలంటే చీమైనా తల వంచాలే" అని నవ్వేవారు. దాని ముందు టైర్లు సన్నం, వెనకవి వెడల్పు. గాలి ముందు ముప్పై మూడు, వెనక ముప్పై ఆరు ఉండాలి. చలి మొదలయ్యే ముందు ఎండాకాలం టైర్లు విప్పి చలికాలం టైర్లు బిగించేవాళ్లం. ఎండాకాలం టైరు చలికి బిగుసుకుపోతుంది, రోడ్డును పట్టుకోదు. విప్పినవాటిని కడిగి, ఆరబెట్టి, ఏది ఏ పక్కదో సుద్దముక్కతో గుర్తు పెట్టి, నల్ల సంచుల్లో కట్టి చీకటి గదిలో దాచేవాళ్లం.

గాలి విషయంలో ఆయన ఒక పద్ధతి పెట్టారు. కారును ముందురోజు సాయంత్రమే వదిలి వెళ్లాలి. పొద్దున్నే, చక్రం కదలకముందే, నేను మీటరు పెట్టాలి. పరుగు మీద వచ్చిన టైరు వేడిగా ఉంటుంది. లోపల గాలి ఉబ్బి మీటరు ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు గాలి తీసేస్తే, చల్లారాక టైరు చప్పబడిపోతుంది.

ఆయన పోయిన ఆ ఏడాదే, చలికాలం టైర్లు బిగించిన వారానికి, డాక్టరు హైవే మీదుగా నేరుగా షాపుకు వచ్చాడు.

"వదినా, గాలి చూసి పంపించెయ్. సార్‌కి తొందర" అన్నాడు మరిది.

టైరు మీద చెయ్యి పెట్టాను. బాగా వేడిగా ఉంది.

"ఇప్పుడు చూడకూడదు. కారు ఉంచి వెళ్లమను. పొద్దున చూస్తాను."

"అందాకా సార్ ఇక్కడే పడుకోవాలా? నీ చాదస్తం అన్నయ్యతోనైనా పోలేదా?"

"పోలేదు. నీకు తెలివీ రాలేదు."

డాక్టరు పకపకా నవ్వాడు. మరిది మొహం మాడిపోయింది. మీటరు నా చేతిలోంచి లాక్కున్నాడు. ముందు ముప్పై తొమ్మిది, వెనక నలభై రెండు చూపించింది. సుయ్యిమని గాలి వదిలి ముప్పై మూడుకీ, ముప్పై ఆరుకీ దించాడు.

"చూశారా సార్, అంకె తప్పలేదు."

నాలుగో రోజు నీళ్లు గడ్డకట్టేంత చలి పడింది. చలికి టైర్లలో గాలి ఇంకా దిగిపోతుంది. గాలి తక్కువైన టైరు మీద వేగంగా పోతే దాని పక్కలు నలిగి నలిగి కాగిపోతాయి. హైవే మీద డాక్టరు కారు వెనక టైరు ఒకటి చీలి, కారు రోడ్డు పక్క ఇనుప కంచెకు కొట్టుకుంది. డాక్టరు మణికట్టు విరిగింది.

మరునాడు మరిది ఒక కాగితం తెచ్చాడు.

"బీమా వాళ్లకి పంపాలి వదినా. ఇక్కడ వేలిముద్ర వెయ్."

"ఏం రాశావు?"

"షాపులో గాలి పని నువ్వే చూస్తావని. అబద్ధమా?"

అబద్ధం కాదు. వేశాను.

వారం తిరక్కుండా మీటరు బీరువాలోకి వెళ్లింది. "నువ్వు చేస్తే జనం రామంటున్నారు" అని నన్ను వెనక గదిలో చక్రాలు కడగడానికి పెట్టాడు. జనం అలా ఎందుకంటారో నాకు అర్థం కాలేదు. ఆ కాగితంలో ఏముందో చదవాలనే ఎదురుగా బట్టలు కుట్టే ఆవిడ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. రెండేళ్లు పట్టింది. ఒకరోజు మరిది భోజనానికి వెళ్లినప్పుడు సొరుగులో దాని నకలు వెతికి, కూడబలుక్కుంటూ చదివాను.

"వేడి టైర్లలోంచి గాలి తీసింది నేనే. మా మరిది వద్దన్నా వినలేదు."

కింద నా వేలిముద్ర.

డాక్టరు ఒక్క మాట చెబితే నా పని నాకు తిరిగొస్తుందనుకున్నాను. కాగితం పట్టుకుని ఆయన ఆసుపత్రికి వెళ్లాను. గంటన్నర కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. ఆయన చదివి మడిచి నా చేతికిచ్చాడు.

"నాకు తెలుసు కదమ్మా. నా కళ్ల ముందే తీశాడు."

"మరి చెప్పలేదేం సార్?"

"తొందరపెట్టింది నేనూనూ. ఉన్నది ఉన్నట్టు చెబితే బీమా వాళ్లు నా మీదికే వచ్చేవాళ్లు. వదిన ఇంటి మనిషే, ఆమెకేం పోతుంది అన్నాడు మీ మరిది. అయినా మీకేం పోయిందమ్మా?"

"గాలి మీటరు పోయింది సార్."

"అదెంతమ్మా, ఇంకోటి కొనుక్కోండి" అని, తరవాతివాళ్లను పంపమన్నాడు. ఒకావిడ చెంప పట్టుకుని వచ్చి నేను లేచిన కుర్చీలో కూర్చుంది.

నన్ను అందరూ ఇంకా గాలమ్మ అనే పిలుస్తారు. వయసు అరవై నాలుగు. ఉండేది షాపు మీది గదిలో. కార్లు హైవే మీదుగా వచ్చి ఆగడం, ఆగీ ఆగకముందే సుయ్యిమని గాలి తీయడం ఇక్కడికి వినిపిస్తుంటుంది.