బొటనవేలి వైపు ముడి

"గిల్లి చూడు మౌలా! నా మేనల్లుడి వేళ్లు గిల్లి చూడు!"

నరసయ్య అరుపుకి బోగోలు వీధి సగం, విరిగిన ఎముకలకి కట్లు కట్టే మౌలా చావిడి ముందుకు వచ్చి పడింది.

నులకమంచం మీద రమణయ్య కూర్చుని ఉన్నాడు. కుడి ముంజేతికి వెదురుబద్దల కట్టు. కట్టు దాటి బయటికి వచ్చిన వేళ్లు ఉబ్బి, నేరేడుపళ్ల రంగు తిరిగాయి. మౌలా వంగి చూపుడువేలు గిల్లాడు. రమణయ్య రెప్ప కూడా ఆడించలేదు.

"తెలవడంల్యా, మౌలన్నా" అన్నాడు మెల్లగా.

"ఈ చెయ్యి పోతే మేడి యెవురు పట్టాల నాయనా? మాకుండేది వీడొక్కడే గదా!" రమణయ్య తల్లి ఆదిశేషమ్మ మంచం కోడు పట్టుకుని కూలబడింది.

పొయ్యి దగ్గర నీళ్లు కాగబెడుతున్న మౌలా బావమరిది సిలార్ తల ఎత్తలేదు. ఆ కట్టుకి ఏమైందో ఆ చావిడిలో తెలిసినవాడు అతనొక్కడే.

నిన్న పొద్దున బండి నొగ మీదపడి ముంజేతిలో రెండెముకలూ విరిగి వచ్చాడు రమణయ్య. మౌలా ఎప్పటిలాగే పీట మీద కూర్చున్నాడు. భుజం గూటి నుంచి మోచేతి దాకా, మోచేతి నుంచి మణికట్టు దాకా వేళ్లతో తడిమాడు. ఒక్క లాగు లాగి ఎముకలు కూర్చాడు. మిగతా పనంతా సిలార్‌దే. వెదురు చీల్చి నునుపు చేసింది, మినప్పిండిలో గుడ్డుసొన కలిపి పట్టు తయారుచేసింది, పాతచీర పేలికలు చింపింది అతనే. చివర్లో ముడి మాత్రం మౌలాది. ఆ ముడి కోసమే కావలి నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. "మౌలా చెయ్యి" అనేవాళ్లు. సిలార్‌కి చెయ్యి ఉందని కూడా ఎవరూ అనలేదు.

ఆ పీట సిలార్ తండ్రిది. పోయేముందు ఆయన దాన్ని కొడుక్కి ఇవ్వలేదు, కూతురు బీజాన్‌ని కట్టుకున్న అల్లుడు మౌలాకి ఇచ్చాడు. "సిలార్ చేతిలో బలం ఎక్కువ, ఓపిక తక్కువ" అన్నాడు. ఆ మాట సిలార్ రోజూ అన్నంతోపాటు మింగుతూనే ఉన్నాడు.

నిన్న మధ్యాహ్నం పద్మనాభయ్య సొరకాయలు పట్టుకుని వచ్చాడు. కిందటేడు జారిన భుజం గూడు మౌలా సరిచేశాడని ఆ రైతు కృతజ్ఞత. పోతూ పోతూ అన్నాడు. "నీ తరవాత ఈ పీటెవురిదయ్యా మౌలా? సిలారుకి వెదురు చీల్చడం తప్ప యేం వచ్చు?"

మౌలా కాదనలేదు. నవ్వాడు.

సాయంత్రం నమాజుకి మౌలా వెళ్లాడు. ఆదిశేషమ్మ బావి దగ్గర ఉంది. నొప్పికి తాగించిన నల్లమందు మత్తులో రమణయ్య గురక పెడుతున్నాడు. సిలార్ ముడి విప్పాడు. వాపు దిగేదాకా ఉండాలని మౌలా వదిలిన వేలెడు సందు లేకుండా బిగించి లాగాడు. మళ్లీ ముడి వేశాడు. రెండు రోజులు సలిపితే చాలు, బావ కట్టు మీద ఒక్క మాట పడితే చాలు అనుకున్నాడు. అంతకు మించి కోరలేదు. కానీ మొదటి రాత్రి కాపలా కూడా అతనిదే. రమణయ్య మూలిగినప్పుడు, "మొదట్లో సలుపుద్దిలే, వోర్చుకో" అన్నదీ అతనే.

ఇప్పుడు మౌలా ముడి విప్పడానికి చెయ్యి చాచి, ఆగిపోయాడు.

అతని ముడి ఎప్పుడూ చిటికెనవేలి వైపు ఉంటుంది. ఇది బొటనవేలి వైపు ఉంది. వెదురుకట్టలు కట్టీ కట్టీ అలవాటైన చెయ్యి వేసిన ముడి.

"సిలారూ, ఇట్రా. నువ్వు విప్పు" అన్నాడు.

సిలార్ వేణ్ణీళ్ల చెంబుతో లేచాడు. కట్టినవాడే విప్పాలన్నది తండ్రి ఆ ఇంట్లో పెట్టిన కట్టడి. ఒకరి ముడి మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఆ సంగతి ఊరికి తెలియదు. మౌలాకి తెలుసు. గుమ్మంలో చేట పట్టుకుని నిలబడ్డ బీజాన్‌కి తెలుసు.

సిలార్ వేణ్ణీళ్లతో తడిపి ముడి విప్పాడు. బద్దలు జారాయి. నీలం మెల్లగా విరిగి ఎరుపెక్కింది. ఉన్నట్టుండి రమణయ్య కేక పెట్టాడు. ఆ కేకకి ఆదిశేషమ్మ నవ్వుతూ ఏడ్చింది.

"బతికించినావు సిలారూ!" నరసయ్య అతని వీపు చరిచాడు. "మౌలా, కట్టు విప్పడానికి కూడా చెయ్యాడనోడివి, నీకెందుకయ్యా పీట? ఇంక మాకు సిలారే."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సిలార్ ఎదురుచూసిన మాట అది. తియ్యగానే ఉంది. అందుకే అతనికి భయం వేసింది.

మౌలా రమణయ్య వేళ్లు ఒక్కొక్కటే చాపి చూశాడు. చివరి రెండు వేళ్లు సాగలేదు. కొక్కేల్లా ముడుచుకునే ఉన్నాయి.

"నెల్లూరు పెద్దాస్పత్రికి పోదాం పదండి. నేనూ వస్తా" అన్నాడు.

లోపలికి వెళ్లి రెండు లుంగీలు మూటకట్టుకున్నాడు. పోతూ సిలార్ భుజం మీద చెయ్యి వేశాడు, గూడు జారిందేమో చూసేవాడిలా. బండెక్కాడు.

పొద్దు వాలేసరికి బిట్రగుంట స్టేషను నుంచి బండి ఖాళీగా తిరిగొచ్చింది. తోలిన చిన్నపోలయ్య దిగి, బీజాన్ ముందు తలపాగా తీశాడు.

"రైలెక్కిచ్చి వచ్చినాక్కా. రమణయ్యని ఆస్పత్రిలో చేర్చి, మౌలన్న అట్నే దొరవారిసత్రం వాళ్ల అన్న ఇంటికి పోతాడంట. ఇంక ఈ వూరు రాడంట. నిన్ను సామాను సర్దుకోమన్నాడు."

బీజాన్ చావిడిలోకి తిరిగింది.

అక్కడ సిలార్ పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వీధి చివరి పిచ్చమ్మ. నూతి దగ్గర జారిపడిందట, మణికట్టు గరిటె మెడలా వంగిపోయింది. వెనక నరసయ్య, ఇంకో నలుగురు.

"నీ చేత్తోనే కట్టు నాయనా. ఆ మౌలా కట్టు మాకొద్దు" అంది పిచ్చమ్మ.

బీజాన్ పొయ్యి పక్కన పడి ఆరిన రమణయ్య కట్టు పేలిక తీసుకుని వచ్చింది.

"చెయ్యి ఇయ్యబాక, పిచ్చమ్మక్కా."

"ఏంది బీజానూ, నీ తమ్ముడే గదా!"

"కట్టినోడే విప్పాలని మా నాయన పెట్టిన కట్టడి. ఇన్నేళ్లలో మా ఆయన ఒక్కసారి కూడా దాన్ని దాటల్యా. మరి పొద్దున ఆయన కట్టిన కట్టుని వీణ్ణెందుకు విప్పమన్నాడు? చెప్పరా సిలారూ. నా మొహం చూసి చెప్పు."

సిలార్ పీట మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"నువ్వు చెప్పవు. ఆయనా చెప్పడు, నీ పరువు కాపాడి రైలెక్కినాడు." ఆమె నరసయ్య వైపు తిరిగింది. గొంతు వీధి దాకా వినిపించింది. "విను నరసయ్యన్నా. నీ మేనల్లుడి చెయ్యి పాడు చేసింది మౌలా కాదు. ఆయన ముడి విప్పి, మళ్లీ బిగించింది వీడు. నా తమ్ముడు సిలారు!"

ఆమె చేతిలోని పేలిక ఖాళీ పీట మీద పడింది. గుడ్డుసొన పట్టి బిరుసెక్కిన ఆ గుడ్డలో ముడి వంపు ఇంకా అలాగే ఉంది.