పెన్సిల్ మిగిలిన గడి

మా ఇంట్లో ఫారాలు నింపడానికి ఒక పద్ధతుంది. ముందు నేను పెన్సిల్‌తో రాస్తాను, ఆ మీదట మా ఆయన పెన్నుతో దిద్దుతారు. ఆయన ఒకప్పుడు షాపులకు బోర్డులు రాసేవారు, అక్షరం ముత్యమే. తప్పుల్లేకుండా చూడటం నా వంతు, అందం ఆయన వంతు. అందుకే నన్ను మేస్త్రమ్మా అని పిలుస్తారు.

ఈ దేశంలో ఉండటానికి నాకు అనుమతి ఉద్యోగం వల్ల వచ్చింది. ఆయనకు నా వల్ల వచ్చింది. భార్యతో ఉండొచ్చు, పని మాత్రం చెయ్యకూడదు. ఏటా పొడిగించుకోవాలి, ఇది మూడోసారి. గడువు ఆ సాయంత్రం నాలుగింటితో సరి. దాటితే ఆయన తిరుగు విమానం ఎక్కాల్సిందే.

నా పని ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట. పొద్దుటి నుంచీ మడతలు పెట్టి పెట్టి, మూడు గంటలు పర్మిషన్ బతిమాలుకుని వీసా ఆఫీసుకి పరిగెత్తాను. ఆయన అప్పటికే ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కూర్చోగా కూర్చోగా మూడున్నరకి మా నంబరు వచ్చింది.

కిటికీ వెనకాలావిడ పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది.

"ఈ గడి పెన్సిల్‌తోనే ఉంది. చెల్లదు. నాలుగింటిలోగా పెన్నుతో రాసి తెండి."

తొంగి చూశాను. పుట్టిన తేదీ, పెళ్లి తేదీ, అత్తగారి ఇంటిపేరు, అన్నీ నల్లసిరాలో నిగనిగలాడుతున్నాయి. 'ఎందుకు ఉండాలనుకుంటున్నారు? దరఖాస్తుదారు స్వయంగా రాయాలి' అన్నచోట మాత్రం నా రాత వెలవెలబోతూ ఉంది: 'నా భార్యపై ఆధారపడి బతుకుతున్నందున.'

నాకు ఒళ్లు మండింది. ఆయన్ని పక్కకి తీసుకెళ్లాను.

"చూసుకోలేదా?"

"చూశాను. దిద్దబుద్ధి కాలేదు."

"పోయిన రెండేళ్లూ ఇదేగా దిద్దారు?"

"దిద్దాను. ఆ తర్వాత వండుతున్నా, ఇల్లు తుడుస్తున్నా ఆ వాక్యమే గుర్తొచ్చేది. మూడోసారి చెయ్యి రాలేదు."

కోపం తగ్గిందని చెప్పను, అలసటలో కలిసిపోయింది. ఎందుకు ఉండాలనుకుంటున్నారని ఆఫీసువాళ్లు ఏటా ఆయన్ని అడుగుతుంటే, ఏటా జవాబు నేనే చెప్పేశాను. ఇంట్లో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. అడిగితే వెళ్లిపోతానంటారేమోనని భయం. ఆ భయం అప్పుడూ ఉంది. అయినా సంచిలోంచి రబ్బరు తీసి నా వాక్యం చెరిపేశాను.

"మీకు ఏది తోస్తే అది రాయండి. వెళ్లిపోతానని రాసినా సరే. నేను అడ్డు చెప్పను."

పది తక్కువ నాలుగు. ఆయన ఫారాన్ని గోడకి ఆనించి, పాత రోజుల్లో బోర్డు రాసినట్టే తాపీగా రాశారు. నేను గడియారం వైపే చూస్తూ నిలబడ్డాను. కిటికీ దగ్గర ఇచ్చేటప్పుడు గానీ చదవలేదు.

'ఆమె అలిసిపోయి ఇంటికి వస్తుంది. తలుపు తీయడానికి మనిషి ఉండాలి.'

కిటికీ ఆవిడ రెండుసార్లు చదువుకుంది. "ఇంతేనా? ఇంకా సగం గడి ఖాళీగా ఉంది."

"ఉండాలండీ," అన్నారు ఆయన. "కుక్కి రాస్తే అక్షరాలు కనబడవు."

ఆవిడ ముద్ర వేసింది. జవాబు వచ్చేదాకా ఉండొచ్చంది. జవాబు ఎలా ఉంటుందో ఆవిడకీ తెలియదు, మాకూ తెలియదు.

బయటికొచ్చాక కాళ్లు లాగేస్తున్నాయి. నేను మళ్లీ దుప్పట్ల దగ్గరికి పోవాలి.

"ఎన్నింటికి వస్తావు, మేస్త్రమ్మా?"

"ఆరున్నర అవుతుంది."

బస్సు వచ్చింది. ఎక్కబోతూ, సంచిలో ఉన్న నా తాళంచెవి కూడా తీసి ఆయన చేతిలో పెట్టాను.